సెమీ-హాలో గిటార్‌కు పికప్‌ల మార్పిడిలో లోపాలు – ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: పికప్‌ల ఫిట్టింగ్‌లో జరిగిన పొరపాట్లు సరిదిద్దడం, నా పాత విడిభాగాలు తిరిగి ఇవ్వడం గురించి.

ఆర్యా,

గత నెల మీ దగ్గర ఆల్నికో 2 అయస్కాంతాలున్న హంబకర్ల (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే, రెండు కాయిల్స్ ఉన్న పికప్‌ల) జత కొని, ఫిట్టింగ్ కూడా మీ వర్క్‌షాప్‌లోనే చేయించాను. బిల్లు, ఫొటోలు, రికార్డింగ్ ఈ లేఖకు జతచేశాను. నాది గిబ్సన్ ఈఎస్-335 తరహా సెమీ-హాలో, అంటే లోపల కొంత బోలుగా ఉండే, గిటార్. చర్చిలో ప్రతి ఆదివారం, అప్పుడప్పుడు కేఫ్‌లలో దానిమీదే వాయిస్తాను. కంపెనీ బిగించిన పికప్‌లతో నెక్ వైపు మందంగా, మసకగా వినిపించేది. కార్డులో (కలిపి మీటే స్వరాల గుంపులో) ఏ స్వరానికి ఆ స్వరం విడిగా తెలియాలన్నదే నా కోరిక. ఆర్డరు ఇచ్చేటప్పుడు మీ సేల్స్ అబ్బాయికి ఇదే మాట వివరంగా చెప్పాను.

పికప్‌ల మీద నాకు ఫిర్యాదు లేదు. మెడ వైపున్న నెక్ పికప్ ఒక్కటే పెడితే హాయిగా ఉంది, తీగల అడుగు కొస దగ్గరున్న బ్రిడ్జ్ పికప్ ఒక్కటే పెడితే పదునుగా ఉంది. పికప్‌ను ఎంచుకునే టాగుల్ స్విచ్ మధ్యలోకి తెచ్చి రెండూ కలిపితే మాత్రం బేస్ అంతా మాయమై, శబ్దం తగ్గి, గిటార్ ముక్కుతో పాడుతున్నట్టుంది. ఏదో ఒక వాల్యూమ్ నాబ్ కాస్త తగ్గిస్తే మళ్ళీ నిండుదనం వస్తోంది. రెండు పికప్‌లు ఒకదానికొకటి ఎదురు ఫేజ్‌లో (ఒకదాని సంకేతం పైకి వెళ్తే రెండోదానిది కిందికి వెళ్ళేలా) ఉన్నాయనడానికి ఇంతకంటే గుర్తు అక్కర్లేదు. అయినా పరీక్షించి చూశాను. జాక్‌లో కేబుల్ పెట్టి, రెండో కొసకు మల్టీమీటర్ తగిలించి, స్క్రూడ్రైవర్‌ను పికప్ మీది పోల్ పీసుల (తీగల కింద ఉండే లోహపు మరల) మీద ఆనించి చటుక్కున లాగితే నెక్ పికప్‌కు రీడింగ్ పైకి ఎగిరింది, బ్రిడ్జ్ పికప్‌కు కిందికి పడింది. వీడియో కూడా పంపుతున్నాను.

1958లో గిబ్సన్ ఈఎస్-335 తెచ్చినప్పటి నుంచి ఈ రకం గిటార్‌ను ఇష్టపడేవాళ్ళలో చాలామందికి ప్రాణం ఆ మధ్య పొజిషనే. నడుమ మేపుల్ దిమ్మ, రెండు పక్కలా బోలు, రెండు పికప్‌లు కలిసి మోగడం: ఆ గంటలాంటి నాదం కోసమే నేను ఈ గిటార్ కొన్నాను. ఎదురు ఫేజ్ శబ్దం కావాలనుకునేవాళ్ళూ ఉన్నారు, బ్లూస్ గిటారిస్టు పీటర్ గ్రీన్ వాయించిన లెస్ పాల్ గిటార్ దానికే పేరుపొందింది. నేను అడిగింది అది కాదు. గిటార్ నా చేతికిచ్చే ముందు మీ టెక్నీషియన్ స్విచ్ మధ్యలో పెట్టి ఒక్క ఇ మేజర్ కార్డు మీటి ఉంటే అక్కడికక్కడే తెలిసిపోయేది. ఎవరూ మీటి చూడలేదు. నన్ను ఎక్కువగా బాధపెడుతున్నది ఇదే.

ఫోన్ చేస్తే "సెమీ-హాలో అంటే అంతే సార్, ఆంప్‌లో బేస్ పెంచుకోండి" అన్నారు. ఇది సరైన జవాబు కాదు. రెండు పికప్‌లు ఒకదాన్నొకటి కొట్టేసుకున్న బేస్‌ను ఆంప్ తిరిగి పుట్టించలేదు. వైర్లు అటూ ఇటూ మార్చినా సరిపోదు. ఈ పికప్‌ల తీగలో ఉన్నది ఒకే కోర్ (లోపలి వైరు), చుట్టూ గ్రౌండ్‌కు కలిపే అల్లిక షీల్డ్. లోహపు కవర్ కూడా ఆ షీల్డ్‌కే కలిసి ఉంది. తారుమారు చేస్తే కవర్ తాకినప్పుడల్లా హమ్ వస్తుంది. ఏదో ఒక పికప్ కవర్ విప్పి, లోపలి అయస్కాంతాన్ని తిప్పి పెట్టడమే దారి.

ఇక వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే పాట్‌ల సంగతి. బిల్లులో "500కె ఆడియో టేపర్, 4" అని రాసి డబ్బు తీసుకున్నారు. గిటార్ ముందువైపు f ఆకారంలో ఉండే ఎఫ్-హోల్‌లోకి చిన్న అద్దం పెట్టి టార్చ్ వేసి చూస్తే నెక్ వాల్యూమ్ పాట్ వెనుక "బి250కె" అని ఉంది. హంబకర్‌కు 250కె పాట్ వేస్తే పైస్థాయి స్వరాలు మొద్దుబారతాయి. నేను పికప్‌లు మార్చింది ఏ మసక పోగొట్టుకోవడానికో, దాన్నే పాట్ రూపంలో మళ్ళీ లోపల పెట్టారు. పైగా అది బిల్లులోని ఆడియో టేపర్ కాక లీనియర్ రకం ("బి" గుర్తు దానికే) కావడంతో నాబ్ సగం తిప్పేదాకా తేడా తెలియదు, ఆ తర్వాత వాల్యూమ్ ఒక్కసారిగా పడిపోతుంది.

ఈ గిటార్‌కు వెనుక మూత ఉండదు. వైరింగ్ అంతా ఎఫ్-హోల్‌లోంచి లాగి, మళ్ళీ దారం కట్టి వెనక్కి పంపాలి. ఓపిక కావాల్సిన పని, ఒప్పుకుంటాను. కానీ తొందరలో పాట్‌ను బలవంతంగా దూర్చినట్టున్నారు, కింది ఎఫ్-హోల్ అంచున బైండింగ్ దగ్గర లక్క లేచి చెక్క కనిపిస్తోంది. నా పాత పికప్‌లు, పాట్‌లు కూడా తిరిగి ఇవ్వలేదు. అవి నా సొత్తు.

గిటార్‌ను మళ్ళీ అవే చేతుల్లో పెట్టడం నాకిష్టం లేదు. ఫేజ్ సరిచేయడం, బిల్లులో ఉన్న పాట్‌లు వేయడం, అంచు మరమ్మతు నాకు నమ్మకమున్న లూథియర్ (గిటార్లు తయారుచేసి, మరమ్మతు చేసే నిపుణుడు) దగ్గర చేయించుకుంటాను. ఆయన ఇచ్చిన అంచనా జతచేశాను, ఆ మొత్తం మీరు భరించాలి. మీ ఫిట్టింగ్ చార్జీ వాపసు చేయాలి. పాత భాగాలు కొరియర్‌లో పంపాలి. ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మా జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను.

ఇట్లు,
మీ వినియోగదారుడు