బెర్ట్రాండ్ గురించి కూడా రాయండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం,

నెపోలియన్ గురించి ఎప్పుడు ఆర్టికల్ వచ్చినా వాటర్లూ దగ్గర ఓడిపోయాడు, సెయింట్ హెలీనాలో చనిపోయాడు అని రెండు ముక్కల్లో తేల్చేస్తారు, బ్రిటిష్ వాళ్లు ఆయన్ని బందీగా పంపిన ఆ దీవికి ఆయన వెంట వెళ్లిన జనరల్ హెన్రీ బెర్ట్రాండ్ పేరు మాత్రం కనపడదు, నాకది చాలా బాధగా ఉంటుంది.

ఈయన ఇంజనీర్ అండి. 1809లో ఆస్ట్రియాతో జరిగిన వాగ్రామ్ యుద్ధానికి ముందు డాన్యూబ్ నది మీద సైన్యం దాటడానికి వంతెనలు కట్టించింది ఈయనే. 1814లో నెపోలియన్‌ని మొదటిసారి పంపేసిన ఎల్బా దీవికి ఆయన వెంట వెళ్లాడు, మళ్లీ 1815లో సెయింట్ హెలీనాకి, అదీ భార్య ఫానీ, ముగ్గురు పిల్లలతో సహా. ఆవిడకి అస్సలు ఇష్టం లేదు, ఈ కబురు తెలిసి ఓడలోంచి సముద్రంలో దూకబోయింది పాపం, ఆవిడ త్యాగం గురించి అయితే ఎవరూ ఒక్క లైన్ కూడా రాయరు. 1816లో నెపోలియన్ పక్షాన ఉన్నందుకు ఫ్రాన్స్‌లో బెర్ట్రాండ్‌కి, ఆయన లేకుండానే, మరణశిక్ష వేసేశారు, అయినా 1821 మే 5న నెపోలియన్ కన్నుమూసేదాకా అక్కడే ఉన్నాడు, రోజూ జరిగింది మాటల్ని కుదించి పొట్టిగా డైరీ రాసుకుంటూ. ఆ శిక్షని తర్వాత రద్దు చేశారు.

1840లో నెపోలియన్ అవశేషాల్ని తీసుకురావడానికి ఓడ బయల్దేరితే 67 ఏళ్ల వయసులో మళ్లీ అదే దీవికెళ్లాడు, సమాధి తవ్వి శవపేటిక తెరిచినప్పుడు పక్కనే ఉన్నాడు. 1844లో సొంతూరు షాతోరూలో పోయాడు. ఇప్పుడు పారిస్‌లో ఇన్వాలిడ్స్ అనే సైనిక స్మారక భవనంలో నెపోలియన్ సమాధికి దగ్గర్లోనే ఉంది ఆయన సమాధి.

ఈసారి మే 5కి మీ ఆదివారం అనుబంధంలో ఒక్క పేజీ ఈ దంపతులకి ఇవ్వండి సార్.

ఇట్లు,
మీ పాఠకుడు