ఆకలి మీదున్న మందను చేలోకి తోలొద్దు

సంపాదకుడు గారికి,

పశువులు మూకుమ్మడిగా చనిపోయిన ప్రతిసారీ ‘విషపు మొక్క తిని’ అన్న ఒక్క మాటతో వార్త ముగిసిపోతోంది. ఆ మొక్క అక్కడ ఎప్పటి నుంచో ఉంది. ఆ రోజే ఎందుకు తిన్నాయన్నది ఎవరూ అడగరు.

కడుపు నిండిన పశువు గన్నేరు జోలికి మామూలుగా పోదు. రాత్రంతా పస్తున్నవి, లారీలో దూరం నుంచి తెచ్చి దింపినవి, గడ్డి పరక లేని బీట్లో తిరిగేవి మాత్రం ఏది అందితే అది నమిలేస్తాయి. కొత్తగా కొన్నవాటికైతే అక్కడి మొక్కలు తెలియవు కూడా.

జొన్న నాము, అంటే లేత జొన్న మేసిన పశువులకు ఎక్కే విషం, దాని సంగతే తీసుకోండి. రెండడుగులైనా ఎదగని పైరులో, బెట్టకు వాడిన చేలో, కోసిన మోళ్ల నుంచి లేచిన పిలకల్లో సైనైడ్‌ను పుట్టించే పదార్థం ఎక్కువ. మేసిన కొద్దిసేపటికే ఎగశ్వాస, నోట నురగ, వణుకు, ఆపై పడిపోవడం. డాక్టర్ వచ్చేలోపే ప్రాణం పోవచ్చు. బెట్ట తర్వాత వాన పడి పిలకలు పచ్చగా కనబడగానే అమ్మయ్య అనుకుని మందను తోలేది సరిగ్గా అప్పుడే! పైరు పూతకు వచ్చేదాకా ఆగితే ముప్పు చాలా తగ్గుతుంది. కోసి బాగా ఎండబెట్టినా సైనైడ్ తగ్గుతుంది. యూరియా ఎక్కువ పడిన మేతలో చేరే మరో విషం, నైట్రేట్ మాత్రం ఎండినా పోదు. గన్నేరూ అంతే, ఎండినా విషమే. పైగా వాడిన కొమ్మల్ని పశువులు ఇంకా తేలిగ్గా తినేస్తాయి. అయినా కంచె కత్తిరించి ఆ కొమ్మల్ని దొడ్డి పక్కనే పడేసేవాళ్లున్నారు!

కొత్త మేతకు వదిలే ముందు కడుపు నిండా ఎండుగడ్డి వేసి, నీళ్లు పెట్టి, మొదట్లో కాసేపే మేపి, మనిషి దగ్గరుండి చూసుకుంటే చాలావరకు గండం గడుస్తుంది. ఇందులో ఖర్చు కన్నా ఓపికే ఎక్కువ కావాలి.

మీ వ్యవసాయ పేజీలో విషపు మొక్కల ఫొటోలు వేస్తున్నారు, మంచిదే. మేపే పద్ధతి గురించి కూడా రాయండి, అదీ నష్టం జరిగాక కాదు, బెట్ట రోజుల్లోనే. పశువైద్యశాలల్లో విరుగుడు మందులు సిద్ధంగా ఉన్నాయో లేదో అధికారులు అప్పుడే చూసుకోవాలి. సైనైడ్‌కు సోడియం థయోసల్ఫేట్ వంటివి వాడతారు, నైట్రేట్‌కు మిథిలీన్ బ్లూ. నైట్రేట్ విషంలో రక్తం చాక్లెట్ రంగుకు తిరుగుతుంది. ఆ సంగతి ఫోన్‌లోనే చెప్పగలిగితే డాక్టర్ తగిన మందు పట్టుకుని బయల్దేరతారు.

– ఒక పశుపోషకుడు