క్యాన్సర్ కథనాల్లో వైరస్‌ల ఊసేదీ?

సంపాదకుడు గారికి,

క్యాన్సర్ మీద మీ పత్రికలో వచ్చే కథనాలను వదలకుండా చదువుతాను. పొగాకు, మద్యం, వయసు, వంశపారంపర్యం ప్రతిసారీ ఉంటాయి. వైరస్‌ల ప్రస్తావన మాత్రం ఏ చివరి పేరాలోనో ఒక వాక్యం, ఒక్కోసారి అదీ ఉండదు. 2018లో ప్రపంచమంతటా కొత్తగా బయటపడ్డ క్యాన్సర్లలో సుమారు 22 లక్షలకు, అంటే దాదాపు 13 శాతానికి, ఏదో ఒక ఇన్ఫెక్షనే కారణమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. కడుపు క్యాన్సర్ తెచ్చే ఒక బ్యాక్టీరియా వాటా తీసేస్తే మిగిలిందంతా దాదాపు వైరస్‌లదే. వీటిలో కొన్నిటిని టీకాతోనే ఆపవచ్చు. అయినా వీటి గురించే తక్కువ రాస్తున్నాం.

కారణం లేకపోలేదు. చాలావరకు వైరస్ ఒంట్లో చేరిన ఇరవై ముప్పై ఏళ్లకు గానీ కణితి బయటపడదు. అప్పటికి ఆ రెంటికీ ముడిపెట్టి చూసేవాళ్లుండరు. టీకా ఫలితమూ అంతే, లెక్కల్లో తేలేసరికి వేయించిన అధికారి ఎప్పుడో రిటైరైపోతాడు. శాస్త్రవేత్తలకే నమ్మకం కుదరడానికి చాలాకాలం పట్టింది. కోడి కణితి నుంచి కణాలన్నీ పోయేలా వడగట్టిన ద్రవంతో మరో కోడికి క్యాన్సర్ వస్తుందని, అంటే దాన్ని తెచ్చేది కణాలకన్నా చిన్నదైన వైరస్ అని, అమెరికా శాస్త్రవేత్త పేటన్ రౌస్ 1911లో చూపితే, నోబెల్ ఇచ్చింది 1966లో!

హెపటైటిస్ బి సంగతే తీసుకోండి. పుట్టుకతో తల్లి నుంచి సోకితే, టీకా పడని పక్షంలో, పదిమంది బిడ్డల్లో తొమ్మిదిమంది కాలేయంలో ఆ వైరస్ ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తుంది, అదే కాలేయ క్యాన్సర్‌కు దారితీయవచ్చు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు సోకితే అలా మిగిలిపోయేది నూటికి ఐదుగురిలోపే. అందుకే తొలి డోసు పుట్టిన 24 గంటల్లోపు పడాలంటారు. ‘ఇంటికెళ్లాక వేయిద్దాంలే’ అనుకుంటే ఆ గడువు కాస్తా దాటిపోతుంది. 1984లో శిశువులకు ఈ టీకా మొదలుపెట్టిన తైవాన్‌లో తర్వాతి తరం పిల్లల్లో కాలేయ క్యాన్సర్ బాగా తగ్గింది. నలభై ఏళ్ల నాటి ఈ సంగతి ఎంతమంది తల్లిదండ్రుల చెవిన పడింది?

అలాగే కాలేయ క్యాన్సర్ తెచ్చే మరో వైరస్ హెపటైటిస్ సికి టీకా లేదు. రెండు మూడు నెలలు మాత్రలు వాడితే నూటికి తొంభై అయిదు మందికి పైగా నయమవుతుంది. కానీ రక్తపరీక్ష చేయించుకుంటేనే కదా ఉందని తెలిసేది.

హెచ్‌పీవీ (హ్యూమన్ పాపిలోమా వైరస్) దగ్గర అడ్డొచ్చేది సిగ్గు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ దాదాపు అంతా ఈ వైరస్ వల్లే వస్తుందని తెలిసినా, లైంగిక సంపర్కంతో సోకుతుంది కాబట్టి పత్రికలూ నసుగుతాయి. ‘ఈ వయసు పిల్లకు ఇప్పుడెందుకు’ అని పెద్దలు అడుగుతారు. అప్పటికే చేరిన వైరస్‌ను టీకా తరిమేయలేదు, అందుకే 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయమంటారు. ఇంతకు మించి ఆ ప్రశ్నలో చర్చించడానికేమీ లేదు. అన్నట్టు, మగవాళ్లలో కొన్ని గొంతు క్యాన్సర్లకూ ఇదే వైరస్ కారణం. ఆ మాట ఇంకా అరుదుగా వినిపిస్తుంది.

జనాన్ని బెదరగొట్టమని కాదు నేననేది. కొన్ని రకాల క్యాన్సర్లకు కారణమయ్యే ఎప్‌స్టీన్-బార్ వైరస్ పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఉంటుంది, క్యాన్సర్ వచ్చేది మాత్రం ఏ కొద్దిమందికో. హెచ్‌పీవీ కూడా చాలామందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పక్కన కూర్చున్నా, చేయి పట్టుకున్నా క్యాన్సర్ అంటదు. ఈ మాట రాయకుండా వైరస్ మాట ఒక్కటే రాస్తే, రోగిని ఇంట్లోవాళ్లే దూరం పెట్టే ప్రమాదం ఉంది. అందుకే రెండూ ఒకేచోట రాయాలి.

ఫిబ్రవరి 4న క్యాన్సర్ దినం ప్రత్యేక పేజీ ఎలాగూ వేస్తారు. ఈసారి అందులో సగం వీటికి కేటాయించండి: ఏ టీకా ఏ వయసులో వేయించాలి, ముప్పై దాటిన స్త్రీలు హెచ్‌పీవీ పరీక్ష ఎందుకు చేయించుకోవాలి, హెపటైటిస్ పరీక్ష ఎవరికి అవసరం. ఏదైనా ఆసుపత్రి ప్రకటన పక్కన కాకుండా, విడిగా.

ఇట్లు,
ఒక విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు