లోపం అంటగట్టి అమ్మే ప్రకటనలు
మహిళల కోసం తయారయ్యే ప్రకటనల్లో చాలావరకు వస్తువు గుణం చెప్పకుండా, ముందు ఒక లోపం అంటగట్టి తర్వాత దానికి మందు అమ్ముతున్నాయి. ముఖం మీద మచ్చ, నడుము చుట్టుకొలత, ‘మంచి తల్లి’ అనిపించుకోవాలన్న ఆరాటం... ఏదీ వదలరు. ఆన్‌లైన్‌లో మరీ దారుణం. క్రీము ఆఫర్ అక్కర్లేదంటే నొక్కాల్సిన బటన్ మీద ‘వద్దు, నా చర్మం ఇలాగే ఉండనీ’ అని బూడిదరంగు చిన్న అక్షరాల్లో ఉంటుంది. ‘ఇంకా పది నిమిషాలే’ అని తొందరపెట్టే గడియారం పేజీ మూసి తెరిస్తే మళ్లీ పది దగ్గరే మొదలవుతుంది. ధరల సంగతి సరేసరి. 2015లో న్యూయార్క్ నగర వినియోగదారుల వ్యవహారాల విభాగం దాదాపు 800 వస్తువులను పోల్చి చూస్తే, స్త్రీల పేరిట అమ్మేవి సగటున 7 శాతం, వాటిలో షాంపూ, రేజర్ వంటివి 13 శాతం ఎక్కువ ధర పలికాయి. గులాబీ రంగు పూస్తే చాలనుకునేవారు, మేం వెనక లేబుల్ కూడా చదువుతామన్న సంగతి మరిచినట్టున్నారు. శరీరాకృతినీ చర్మాన్నీ దిద్దిన ఫొటోలు వాడితే ఆ మాట ప్రకటన మీదే రాయాలని నార్వేలో 2022 నుంచి చట్టం అమలవుతోంది. ఆ నిబంధన అన్నిచోట్లా రావాలి. ‘వద్దు’ బటన్ మీద వద్దు అనే ఉండాలి. ఆఫర్ నిజంగా ముగిసే తేదీ వేయాలి. ప్రకటనలు రాసేవారు ‘మీ జీవితమే మారిపోతుంది’ అనే బదులు జేబు ఎంత లోతుందో, రంగు ఎన్ని ఉతుకుల దాకా నిలుస్తుందో చెబితే చాలు, కొనాలో వద్దో మేమే తేల్చుకుంటాం.
– ఒక పాఠకురాలు