ఆ రోజు ట్రే పట్టుకున్న అన్నకి

బీవీఎస్సీ (పశువైద్య డిగ్రీ) ఇంటర్న్‌షిప్‌లో నా మొదటి స్టెరిలైజేషన్ ఆపరేషన్ ఓ వీధికుక్కకి. ఎడమ అండాశయం సులువుగానే దొరికింది. కుడిది ఇంకాస్త ముందుకు, లోతుగా ఉంటుంది. తీసేశాక నేను వేసిన ముడి జారిపోయి, పొట్టలో రక్తం ఊరింది. నా చేతులు వణికిపోయాయి.

ట్రే పట్టుకున్న అటెండర్ అన్న కంగారు పడలేదు. "గాజ్ గుడ్డతో అదిమిపట్టమ్మా, సార్‌ని పిలుస్తా" అన్నాడు. సార్ వచ్చి రక్తనాళం పట్టుకుని, రెండు ముళ్లూ నాచేతే వేయించారు. (నా మొదటి ముడి గురించి ఆయన అన్నది ఇక్కడ రాయలేను.)

రాత్రి వెళ్లి చూస్తే కుక్క చిగుళ్లు రక్తం పోయి పాలిపోకుండా గులాబీ రంగులోనే ఉన్నాయి. డ్యూటీ అయిపోయినా పక్కనే గోనెపట్టా పరుచుకుని అన్న కూర్చున్నాడు.

అన్నా, టెన్షన్‌లో మీ పేరైనా అడగలేదు. చాలా చాలా థాంక్స్. ఆపరేషన్ అయిందనే గుర్తుగా చెవి కొస కత్తిరించిన మన కుక్క నిన్న క్యాంటీన్ దగ్గర నన్ను చూసి మొరిగింది.