ఆ కాలం మనుషులే

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. అమ్మగారికి మోకాలి నొప్పి తగ్గిందని చదివి మనసు కుదుటపడింది. కానీ చివర్లో నువ్వు రాసిన మాట మాత్రం మింగుడుపడలేదు. అమెరికా తొలి అధ్యక్షుడు వాషింగ్టన్, మూడో అధ్యక్షుడు జెఫర్సన్ బానిసలను ఉంచుకున్నారని వాళ్లను తప్పుపట్టకూడదు, ఆ కాలం అలాంటిది అన్నావు. దీనిమీద నీతో తగవు పెట్టుకోక తప్పదు.

అది తప్పని వాళ్లకు తెలియకపోయి ఉంటే నీతో ఏకీభవించేవాణ్ణి. కానీ తెలుసు కదా! ఫిలడెల్ఫియా రాజధానిగా ఉన్న రోజుల సంగతే చూడు. ఆ ఊరున్న పెన్సిల్వేనియా రాష్ట్రం 1780లో చేసిన చట్టం ప్రకారం, బయటి రాష్ట్రం నుంచి తెచ్చిన బానిస అక్కడ ఆరు నెలలు ఉంటే స్వేచ్ఛ కోరవచ్చు. అధ్యక్షుడు వాషింగ్టన్ ఆ గడువు నిండకముందే తన ఇంటి బానిసలను రాష్ట్రం దాటించి మళ్లీ రప్పించుకునేవాడు. అసలు కారణం వాళ్లకూ, జనానికీ తెలియనివ్వవద్దని 1791లో తన కార్యదర్శికి రాశాడు. చేసేది న్యాయమని నమ్మినవాడు అంత గుట్టు ఎందుకు పాటిస్తాడు?

ఆ ఇంట్లోనే ఓనా జడ్జ్ ఉండేది. వాషింగ్టన్ భార్య మార్తాకు పరిచారిక, కుట్టుపనిలో నేర్పరి. తనను మార్తా మనవరాలికి కానుకగా ఇవ్వబోతున్నారని తెలిసింది. 1796 మేలో దంపతులు భోజనం చేస్తుండగా నడిచి బయటికి వెళ్లిపోయి, ఓడెక్కి న్యూ హాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్ చేరింది. వాషింగ్టన్ పురమాయించగా అక్కడి సుంకాల అధికారి ఆమెతో మాట్లాడాడు. వాషింగ్టన్ దంపతుల తదనంతరం విముక్తి ఇస్తామంటే తిరిగి వస్తానంది. వాషింగ్టన్ ఒప్పుకోలేదు. అలా ఒప్పుకుంటే పారిపోయినందుకు బహుమానం ఇచ్చినట్లవుతుందట, నమ్మకంగా ఉన్న మిగతావాళ్ల మనసులు చెడతాయట! ఈ వాదన చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

ఆమె వెళ్లలేదు. తరువాత భర్త పోయాడు, కూతుళ్లిద్దరూ ఆమెకంటే ముందే పోయారు, పేదరికం వదలలేదు. ఇంత కష్టపడ్డావు కదా, వచ్చినందుకు విచారం లేదా అని ముసలితనంలో ఒకరు అడిగితే, లేదు, నేను స్వేచ్ఛగా ఉన్నాను అంది. 1848లో కన్నుమూసేదాకా చట్టం దృష్టిలో ఆమె పారిపోయిన బానిసే.

వాషింగ్టన్ 1799లో రాసిన వీలునామాలో, భార్య తదనంతరం తన సొంత బానిసలను విడుదల చేయాలన్నాడు. వాళ్లు 123 మంది. అది చిన్న విషయం కాదు, ఒప్పుకుంటాను. కానీ ఓనా మార్తా మొదటి భర్త ఎస్టేటుకు చెందిన మనిషి. ఆ వీలునామా ఆమెకు వర్తించదు.

ఇక జెఫర్సన్. 1814లో ఎడ్వర్డ్ కోల్స్ అనే వర్జీనియా యువకుడు, బానిసత్వం రద్దుకు మీరు ముందు నిలవండి అని ఆయనకు రాశాడు. నేను ముసలివాణ్ణయ్యాను, అది యువకుల పని అని జవాబు వచ్చింది. జెఫర్సన్ పోయిన కొన్ని నెలలకే, 1827 జనవరిలో, అప్పుల కోసం ఆయన ఎస్టేటు మాంటిసెల్లోలో 130 మంది బానిసలను వేలానికి పెట్టారు. కోల్స్ మాత్రం 1819లోనే తన బానిసలను వెంటబెట్టుకుని ఇల్లినాయ్ బయలుదేరి, ఒహాయో నది మీద పడవలోనే వాళ్లకు విముక్తి ప్రకటించాడు. తరువాత కుటుంబాలకు భూమి కూడా ఇచ్చాడు.

వాళ్లిద్దరిలాగే కోల్స్‌ది కూడా వర్జీనియానే, అతనూ బానిసల యజమాని కొడుకే. అతణ్ణి ఏ కాలం మనిషి అంటావో నాకు వివరంగా రాయి. ఎదురుచూస్తుంటాను.

నీ మిత్రుడు