నౌపడ ఉప్పు మడుల గురించి కలెక్టర్ గారికి

శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

మే నెలలో ఒక్కసారి నౌపడ ఉప్పు మడుల దగ్గరికి రండి. ఉప్పు పడే ఆఖరి మడిలో దోసిలి ముంచితే నీళ్లు లేత గులాబీ రంగులో ఉంటాయి, నూనెలా చేతికి అంటుకుంటాయి. మా నాన్న ఆ మడుల్లోనే కూలి చేశారు. నీళ్లు ఎర్రబడితే ఉప్పు త్వరగా పడుతుందనేవారు. ఎందుకో ఆయనకి తెలీదు. డిగ్రీలో జీవశాస్త్రం చదివేదాకా నాకూ తెలీదు.

ఆ ఎరుపు ప్రాణులది. సముద్రపు నీటికన్నా ఎన్నో రెట్లు చిక్కటి ఉప్పునీళ్లలోనే బతికే సూక్ష్మజీవులు, వాటితోపాటు డునాలియెల్లా అనే నాచు. ఆ రంగు ఎండను పట్టుకుని నీళ్లను వేడెక్కిస్తుంది. నాన్న మాట నిజమే. ఇలాంటి నీళ్లలో బతికే ఒక జీవి పలకలా నలుచదరంగా ఉంటుంది. 1980లో సినాయ్‌లో మొదట గుర్తించారు, ల్యాబ్‌లో పెంచడానికి 2004 దాకా పట్టింది. పెద్ద వాన పడి నీళ్లు పలచబడితే వీటిలో చాలా రకాలు పగిలి చచ్చిపోతాయి. గట్టు దాటితే ఉప్పు చిక్కదనం మారుతుంది, బతికే జీవులూ మారతాయి. ఒక్కో మడీ ఒక్కో దీవి అన్నమాట.

దీవి అంటే గుర్తొచ్చింది. 1964లో ఒక కెనడా బృందం చిలీ తీరానికి మూడున్నర వేల కిలోమీటర్ల దూరంలోని ఈస్టర్ దీవికి వెళ్లి మట్టి తెచ్చింది. అందులోని ఒక బ్యాక్టీరియా నుంచి రాపమైసిన్ అనే మందు వచ్చింది. 1980లలో దాని మీద పనిచేస్తున్న మందుల కంపెనీ ఆ పని ఆపేస్తే, పంజాబులో పుట్టిన సురేన్ సెహగల్ అనే శాస్త్రవేత్త ఆ జీవిని తన ఇంటి ఫ్రీజర్‌లో దాచారు. 1999లో అమెరికాలో అదే కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకి మందుగా అనుమతి పొందింది. మేం కిడ్నీ జబ్బులతో నలిగే ఉద్దానం పక్కన బతికేవాళ్లం. డయాలసిస్‌కని పొద్దున్నే చేతికి కట్టుతో బస్టాపులో నిలబడేవాళ్లని రోజూ చూస్తాం. ఆ ఫ్రీజర్ సంగతి చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

మన మడుల్లో మందు ఉందని నేననను. కానీ ఈ భూమి వేరే పనికి మారితే, చూడకుండానే పోగొట్టుకుంటామేమోనని భయం. ఒక ఆఫీసులో ఈ మాట ఎత్తితే, "ఉప్పులో ఏం బతుకుతుందండీ?" అన్నారు. చాలా బాధేసింది. ఈ పక్కనే తేలినీలాపురంలో పెలికాన్లను ఊరు ఊరంతా కాపాడుకుంటోంది. అవి కంటికి కనిపిస్తాయి, ఇవి కనిపించవు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం మాత్రం సూక్ష్మజీవులను కూడా జీవవనరుల కిందే లెక్కేసింది.

కాబట్టి అయ్యా, మడుల భూమిని వేరే పనికి మార్చే ఏ ఫైలైనా మీ దగ్గరికొస్తే, సంతకానికి ముందు అక్కడి నీళ్లు, బురద నమూనాలు తీయించండి. సముద్రపు నీళ్లు పెట్టినప్పుడొకసారి, చిక్కబడ్డాక ఒకసారి, ఉప్పు పడేటప్పుడు ఒకసారి. ఎచ్చెర్ల యూనివర్సిటీ పిల్లలకి ఈ పని అప్పగిస్తే సంతోషంగా చేస్తారు. దొరికిన జీవులను చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల భాండాగారంలో దాచొచ్చు. పంచాయతీ జీవవైవిధ్య రిజిస్టర్లో వాటికో పేజీ పెట్టించండి. ఏ మడి ఎప్పుడు ఎర్రబడుతుందో పుస్తకాల్లో దొరకదు, ఉప్పు కూలీలకే తెలుసు. వాళ్లకి ఆ రోజు కూలి ఇచ్చి వెంట తీసుకెళ్లండి.

ఈ ఏడాది మడులు కట్టేలోపు ఉత్తర్వు ఇప్పిస్తే, గట్ల మీద దారి నేను చూపిస్తాను.

ఇట్లు,
సంతబొమ్మాళి మండలం నుంచి ఒక ఉప్పు కూలీ కొడుకు